రిటైరైన పోలీసులకు గౌరవ హోదా, ఆయుధ లైసెన్సు, సెక్యూరిటీ ఏజెన్సీ: తరచుగా అడిగే ప్రశ్నలు

పొద్దున పది దాటితే చాలు, మా జిల్లా రిటైర్డ్ పోలీసుల సంఘం ఆఫీసులో ఫోను మోగడం మొదలవుతుంది. ఆర్ముడ్ రిజర్వులో (జిల్లా సాయుధ పోలీసు విభాగం) ముప్పై ఏళ్లకు పైగా చేసి, ఆర్‌ఎస్సైగా (రిజర్వ్ సబ్ ఇన్‌స్పెక్టర్) రిటైరయ్యాక నేను అక్కడే కూర్చుంటున్నాను. అడిగే మనిషి మారతాడు గానీ అడిగే ప్రశ్న మారదు. ఒకే జవాబు ఫోన్లో పదిసార్లు చెప్పేటప్పుడు ఏదో ఒక ముక్క మర్చిపోతాం. ఆ ముక్క కోసమే ఒకాయన మళ్లీ కలెక్టరేట్ చుట్టూ తిరగాల్సి వస్తుంది. అందుకే ఇవన్నీ ఒకచోట రాసి పెట్టాను. మీ సందేహం ఏదైతే అదొక్కటే చదువుకోండి, సరిపోతుంది.

## రిటైరయ్యే ముందు

సార్, ఇన్నేళ్లు నా నడుముకి ఉన్న పిస్టల్. రిటైరయ్యాక ఉంచుకోవచ్చా?

కుదరదు. అది ప్రభుత్వ ఆస్తి. నా చివరి రోజు నాకింకా కళ్లకు కట్టినట్టే ఉంది. బెల్ ఆఫ్ ఆర్మ్స్ (ఆయుధాలు భద్రపరిచే గది) ముందు బల్ల మీద పిస్టల్ పెట్టాను. రైటర్ (రికార్డులు రాసే కానిస్టేబుల్) పిస్టల్ బాడీ మీది నంబరు పైకి చదివి రిజిస్టర్లో నంబరుతో సరిచూశాడు. మ్యాగజీన్లోంచి రౌండ్లు (తూటాలు) ఒక్కొక్కటే తీసి బల్ల మీద వరసగా నిలబెట్టి రెండుసార్లు లెక్కపెట్టాడు. నేను సంతకం పెట్టాను, అతను పెట్టాడు, అంతే. బయటికి వస్తుంటే నడుము తేలికగా అనిపించి చెయ్యి అలవాటుగా అక్కడికే పోయింది.

ఇందులో చట్టం సంగతి కూడా ఉంది. సర్వీసులో ఉండగా మనం ఆయుధం పట్టుకోవడానికి లైసెన్సు అక్కర్లేదు. ప్రభుత్వోద్యోగి డ్యూటీలో భాగంగా మోసే ఆయుధానికి 1959 నాటి ఆయుధాల చట్టం వర్తించదని దాని 45వ సెక్షన్ చెబుతుంది. డ్యూటీ అయిపోయిన నిమిషం నుంచి ఆ రక్షణ ఉండదు. మర్నాటి నుంచి లైసెన్సు లేకుండా ఒక్క రౌండు దగ్గరుంచుకున్నా మనమూ ముద్దాయిలమే. పాత కిట్ బ్యాగుల్లో, ట్రంకు పెట్టెల్లో ఫైరింగ్ ప్రాక్టీసు నాటి రౌండ్లు మిగిలిపోయాయేమో ఆఖరి నెలలోనే వెతికి అప్పజెప్పండి.

సొంత లైసెన్సుకి సర్వీసులో ఉండగానే దరఖాస్తు పెట్టొచ్చా?

పెట్టొచ్చు. 2016 ఆయుధాల నిబంధనలు సర్వీసులో ఉన్నవారినీ, చేసి వచ్చినవారినీ ఒకే చోట పేర్కొన్నాయి. సర్వీసులో ఉండగా పెడితే ఒక సౌకర్యం ఉంది. సర్వీసు రికార్డు, ఫైరింగ్ రికార్డు, మీరు చూసిన కేసుల వివరాలు అన్నీ డీపీవోలో (జిల్లా పోలీసు ఆఫీసు) అందుబాటులో ఉంటాయి. రిటైరై మూడేళ్లయ్యాక వెళ్తే, మీ ఫైలు ఏ బీరువాలో ఉందో చెప్పే మనిషే దొరకడు.

ఆఖరి నెలలో ఏ కాగితాలు తీసుకోవాలి?

నో డ్యూస్ సర్టిఫికెట్ (శాఖకి బాకీలేవీ లేవన్న పత్రం), సర్వీసు సర్టిఫికెట్, రివార్డులు, మెడల్స్ ఆర్డరు కాపీలు, రిటైర్డ్ ఉద్యోగి గుర్తింపు కార్డు. మావోయిస్టు కేసుల్లోనో, ఫ్యాక్షన్ కేసుల్లోనో, రౌడీషీటర్ల మీదో పనిచేసి ఉంటే, ఆ కేసుల క్రైం నంబర్లు డైరీలో రాసుకోండి. రేపు లైసెన్సు దరఖాస్తులో “ప్రాణభయం ఉంది” అని ఒక్క ముక్క రాస్తే చాలదు, ఎవరి నుంచో ఎందుకో చెప్పాలి.

## హోదా, పేరు, యూనిఫాం

రిటైరయ్యే రోజు ఒక ర్యాంకు పైకి ఇస్తున్నారట. మనకీ వర్తిస్తుందా?

ఈ ప్రశ్నకి మూలం కేంద్ర హోం శాఖ 2025 మే నెలాఖరులో తీసుకున్న నిర్ణయం. సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర సాయుధ పోలీసు బలగాల్లోనూ, అస్సాం రైఫిల్స్‌లోనూ కానిస్టేబుల్ నుంచి ఎస్సై దాకా ఉన్నవాళ్లకి రిటైరయ్యే రోజున పై ర్యాంకు గౌరవంగా ఇస్తారు. కానిస్టేబుల్ హెడ్ కానిస్టేబుల్‌గా, ఎస్సై ఇన్‌స్పెక్టర్‌గా రిటైరవుతారన్నమాట. సర్వీసు రికార్డు శుభ్రంగా ఉండాలి. జీతంలో గానీ పెన్షన్లో గానీ ఒక్క రూపాయి తేడా రాదు.

అది కేంద్ర బలగాలకే. ఆంధ్ర, తెలంగాణ రాష్ట్ర పోలీసులకి ఆ ఉత్తర్వు వర్తించదు. సీఆర్‌పీఎఫ్‌లో చేసిన మన తెలుగువాళ్లు మాత్రం తమ గ్రూప్ సెంటర్లో అడగాలి. డబ్బు రాని హోదా ఎందుకని కొందరు తీసిపారేస్తారు. ఇరవై ఏళ్లు ఒకే ర్యాంకులో ఉండిపోయిన కానిస్టేబుల్‌ని ఆ మాట అడిగి చూడండి. మనవడి పెళ్లి శుభలేఖలో ఆ ఒక్క మాట ఎంత విలువైనదో ఆయనే చెబుతాడు. మన రాష్ట్రాల్లో కూడా ఇది రావాలని నా కోరిక.

మరి సైన్యంలో హానరరీ కెప్టెన్ అంటారు, అదీ ఇదీ ఒకటేనా?

కాదు. సైన్యంలో సుబేదార్, సుబేదార్ మేజర్ లాంటి జేసీవోల్లో (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు) ఎంపికైనవారికి హానరరీ లెఫ్టినెంట్, హానరరీ కెప్టెన్ కమిషన్ (అధికారి హోదా) ఇస్తారు. జనవరి 26న, ఆగస్టు 15న ఆ జాబితాలు వెలువడతాయి. క్రీడాకారులకీ ప్రముఖులకీ టెరిటోరియల్ ఆర్మీలో (సైన్యానికి అనుబంధంగా ఉండే వాలంటీర్ల దళం) ఇచ్చేది ఇంకో రకం. కపిల్ దేవ్‌కి 2008లో, ధోనీకి 2011లో లెఫ్టినెంట్ కల్నల్ హోదా అలా వచ్చిందే. పోలీసు శాఖలో “కమిషన్” అనే పద్ధతే లేదు.

సిరాజ్‌కి డీఎస్పీ ఇచ్చారు కదా, అది గౌరవ హోదా కాదా?

కాదు, అది అసలు ఉద్యోగమే. 2024లో తెలంగాణ ప్రభుత్వం క్రికెటర్ మహ్మద్ సిరాజ్‌నీ, బాక్సర్ నిఖత్ జరీన్‌నీ డీఎస్పీలుగా నియమించింది.

విజిటింగ్ కార్డు మీద, ఇంటి గేటు మీద ర్యాంకు రాసుకోవచ్చా?

“రిటైర్డ్” అన్న మాట కలిపి రాసుకోండి. ఆ మాట లేకుండా “సబ్ ఇన్‌స్పెక్టర్” అని రాసిన కార్డు చూపించి ఎక్కడైనా పని చేయించుకుంటే, ప్రభుత్వోద్యోగిగా నటించడం కిందికి పోతుంది. భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ ప్రకారం దానికి ఆరు నెలలకు తక్కువ కాకుండా మూడేళ్ల దాకా జైలు. గౌరవ ర్యాంకు వచ్చినవాళ్లు “హానరరీ” అని కూడా రాయాలి.

పాత యూనిఫాం వేసుకోవచ్చా? బండి మీద పోలీస్ స్టిక్కర్ ఉంచుకోవచ్చా?

బీరువాలో దాచుకోండి, ఫొటో దిగిన జ్ఞాపకం ఉంచుకోండి. వేసుకుని రోడ్డు మీదికి మాత్రం రావద్దు. ఎదుటివాణ్ని నమ్మించాలనే ఉద్దేశంతో ఆ దుస్తులు వేసుకుంటే న్యాయ సంహిత 205వ సెక్షన్ కింద నేరం. స్టిక్కరూ అంతే, రిటైరైన రోజే గీకేయండి. చెకింగులో మనల్ని ఆపిన కుర్ర కానిస్టేబుల్ ఆ స్టిక్కర్ చూసి ఇబ్బందిపడకూడదు. ఒకప్పుడు ఆ ఎండలో నిలబడింది మనమే కదా.

కళ్లముందు దొంగతనం జరిగితే పట్టుకునే అధికారం ఉందా?

పోలీసుగా లేదు, పౌరుడిగా ఉంది. మీ ఎదుటే నాన్‌బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాని), కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా పోలీసులు అరెస్టు చేయదగ్గ) నేరం చేసినవాణ్ని ఎవరైనా పట్టుకోవచ్చని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 40వ సెక్షన్ చెబుతోంది. ఆలస్యం చేయకుండా, ఎంతైనా ఆరు గంటల లోపు పోలీసులకి అప్పగించాలి. ఇంటరాగేషన్ జోలికి వెళ్లొద్దు. అలవాటు ప్రాణం అడగమంటుంది, ఆపుకోండి.

ఎన్నికలప్పుడు స్పెషల్ పోలీస్ ఆఫీసర్‌గా పిలిచారు. ఆ అధికారం తర్వాత కూడా ఉంటుందా?

ఉండదు. నియామక ఉత్తర్వులో ఎన్ని రోజులు రాశారో అన్ని రోజులే. తర్వాత ఆర్మ్‌బ్యాండు, కార్డు వెనక్కి ఇచ్చేయాలి.

## ఆయుధ లైసెన్సు దరఖాస్తు

పోలీసుగా చేశాం కాబట్టి లైసెన్సు హక్కుగా వస్తుందా?

రాదు. ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే, తర్వాత బాధపడేదీ ఇక్కడే. 2016 నిబంధనల్లో 12వ నిబంధన, రక్షణ దళాల్లో, కేంద్ర సాయుధ బలగాల్లో, రాష్ట్ర పోలీసు శాఖలో పనిచేసినవారి దరఖాస్తును పరిశీలించవచ్చని ప్రత్యేకంగా చెబుతుంది. అంతవరకు మనకి మేలే. కానీ అదే వాక్యంలో “ప్రాణానికో ఆస్తికో రక్షణ కావాల్సిన నిజమైన అవసరం” ఉండాలని కూడా ఉంది. సర్వీసు మనల్ని తలుపు దాకా తీసుకెళ్తుంది. లోపలికి వెళ్లాలంటే అవసరం చూపాలి.

కాబట్టి దరఖాస్తుకి జతచేసే లేఖలో పొగడ్తలు తగ్గించి వివరాలు పెంచండి. ఏ కేసు, ఏ సంవత్సరం, శిక్షపడి బయటికొచ్చిన మనిషి ఇప్పుడు ఎక్కడుంటున్నాడు, బెదిరింపు వస్తే ఏ స్టేషన్లో ఫిర్యాదు చేశారు, మీ ఇల్లు ఊరికి ఎంత దూరంలో ఉంది. పొలంలో ఒంటరిగా ఉంటున్నారా, అదీ రాయండి. “శాఖకి 35 ఏళ్లు సేవ చేశాను, కావున ఇవ్వగలరు” అన్న దరఖాస్తులు తిరిగి రావడం నేను చాలా చూశాను.

దరఖాస్తు ఎవరికి పెట్టాలి?

కమిషనరేట్ ఉన్నచోట సాధారణంగా పోలీస్ కమిషనర్‌కి, మిగతా జిల్లాల్లో కలెక్టర్‌కి. దరఖాస్తు ఫారం ఏ-1. ఇప్పుడు లైసెన్సులన్నీ జాతీయ డేటాబేస్‌లో ఎక్కుతాయి, ప్రతి లైసెన్సుదారుకీ ఒక యూఐఎన్ (ప్రత్యేక గుర్తింపు) నంబరు ఉంటుంది. శారీరకంగా, మానసికంగా ఆరోగ్యంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ కూడా జతచేయాలి. మాకెందుకని చిన్నబుచ్చుకోకండి, అందరికీ అదే నియమం.

సర్వీసులో వాడిన 9 ఎంఎం కొనుక్కోవచ్చా?

మామూలు లైసెన్సు మీద రాదు. 9 ఎంఎం పిస్టల్, .303 రైఫిల్ లాంటివి పరిమిత శ్రేణిలో ఉంటాయి, వాటి అనుమతి కేంద్ర హోం శాఖ చేతిలో ఉంటుంది. మనవాళ్లు ఎక్కువగా తీసుకునేది కాన్పూర్లో తయారయ్యే .32 రివాల్వర్, లేకపోతే 12 బోర్ తుపాకీ.

ఎన్ని ఆయుధాలు ఉంచుకోవచ్చు?

రెండు. 2019 డిసెంబరు దాకా మూడు ఉండేవి, సవరణ చట్టం రెండుకి తగ్గించింది. తాతల నాటి తుపాకీ వారసత్వంగా వచ్చినా ఆ రెండులోనే లెక్క.

లైసెన్సు దరఖాస్తు మీద మన స్టేషన్ వాళ్లే ఎంక్వైరీ రిపోర్టు పంపాలి కదా, ఇంత ఆలస్యమెందుకు?

నా సొంత ఫైలు ఒక స్టేషన్లో నెలల తరబడి కదల్లేదు. వెళ్లినప్పుడల్లా టీ ఇచ్చారు, కుర్చీ వేశారు, “మీ పని కాకపోవడమేంటి సార్” అన్నారు. ఫైలు మాత్రం అదే కట్టలో కిందనే ఉంది. మనవాళ్లే కదా అని రాతపూర్వకంగా అడగడానికి మొహమాటపడ్డాను. అదే నేను చేసిన తప్పు.

చట్టంలో దీనికి దారి ఉంది. దగ్గరి స్టేషన్ అధికారి నిర్ణీత గడువులో రిపోర్టు పంపాలి. పంపకపోతే, లైసెన్సింగ్ అధికారి తనకి సబబనిపిస్తే రిపోర్టు కోసం చూడకుండానే నిర్ణయం తీసుకోవచ్చని ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చెబుతుంది. ఆ సెక్షన్ పేర్కొంటూ ఒక పేజీ లేఖ రాసి, ఇన్‌వార్డు నంబరు వేయించుకోండి. నా ఫైలు కదిలింది ఆ లేఖతోనే.

తిరస్కరిస్తే ఏం చేయాలి?

కారణాలు రాతపూర్వకంగా నమోదు చేయాలని అదే చట్టం 14వ సెక్షన్‌లో ఉంది. అడిగితే క్లుప్తంగా కారణాలు ఇవ్వాలి, ప్రజాప్రయోజనం దృష్ట్యా మాత్రమే ఆపొచ్చు. ఆస్తి చాలదన్న ఒక్క కారణంతో తిరస్కరించకూడదు. ఆర్డరు కాపీ చేతికందిన వెంటనే 18వ సెక్షన్ కింద అప్పీలు వేయండి. గడువు దాటనివ్వకండి.

## లైసెన్సు చేతికొచ్చాక

ఇంట్లో ఎలా ఉంచాలి?

తాళం ఉన్న స్టీలు లాకర్లో, రౌండ్లు వేరేగా. తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. దిండు కింద, బీరువాలో చీరల మధ్య, దేవుడి గదిలో పెట్టేవాళ్లున్నారు, ఇళ్లల్లో పిల్లలుంటారు.

ఇంకో మాట, మనసులో పెట్టుకోండి. రిటైరైన మొదటి ఏడాది చాలామందికి బాగోదు. నిద్ర పట్టదు, మందు ఎక్కువవుతుంది, ఎవరూ ఫోన్ చేయట్లేదని మథనపడతారు. మీకో, ఇంట్లో ఇంకెవరికో మనసు బాగోలేదనిపిస్తే ఆయుధాన్ని లైసెన్సున్న డీలర్ దగ్గరో స్టేషన్లోనో డిపాజిట్ చేసి రసీదు తీసుకోండి, డాక్టర్ని కలవండి, మాకూ ఫోన్ చేయండి. కుదుటపడ్డాక తెచ్చుకోవచ్చు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

మనవడి పెళ్లి ఊరేగింపులో ఒక్క రౌండు గాల్లోకి పేల్చొచ్చా?

వద్దు. ఇతరుల ప్రాణాలకి ముప్పు తెచ్చేలా సంబరాల్లో కాల్పులు జరిపితే రెండేళ్ల దాకా జైలు, లేదా లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. 2019 సవరణతో వచ్చిందిది. పైకి పోయిన తూటా కిందికి వస్తుందని మనకి వేరే చెప్పాలా?

ఎన్నికలొస్తే డిపాజిట్ చేయమంటున్నారు, మాజీ పోలీసులకి మినహాయింపు లేదా?

దానంతటది రాదు. స్క్రీనింగ్ కమిటీ ఒక్కో లైసెన్సునీ చూసి నిర్ణయిస్తుంది. ముప్పు ఉంటే మినహాయింపు కోరుతూ ముందే అర్జీ పెట్టండి. డిపాజిట్ చేసేటప్పుడు రసీదులో ఆయుధం నంబరు, రౌండ్ల సంఖ్య ఉన్నాయో లేదో చూసుకోండి.

రెన్యూవల్ ఎప్పుడు?

లైసెన్సు ఐదేళ్లకి. గడువుకి రెండు నెలల ముందే పెట్టేయండి. ఇంటి కేలండర్ మీద కాదు, ఫోన్లో రిమైండర్ పెట్టుకోండి.

అమెరికాలో అబ్బాయి దగ్గరికి ఆరు నెలలు వెళ్తున్నాం. అక్కడ మాజీ పోలీసులకి తుపాకీ అనుమతి ఉందంటున్నారు, మనకీ ఉంటుందా?

లేదు. అక్కడ 2004లో వచ్చిన సమాఖ్య చట్టం ప్రకారం, అక్కడి పోలీసు శాఖల్లో మొత్తం కనీసం పదేళ్లు చేసి మంచిగా విడిపోయినవారు, ఏటా షూటింగ్ అర్హత నిరూపించుకుంటే దేశమంతటా ఆయుధం దాచి మోసుకెళ్లవచ్చు. మన సర్వీసు అందులోకి రాదు. పైగా విజిటర్ వీసా మీద వెళ్లినవారు, వేట లైసెన్సు లాంటి కొద్ది మినహాయింపులు తప్ప, అక్కడ తుపాకీ దగ్గరుంచుకోవడమే నేరం. అబ్బాయి తన తుపాకీ సరదాగా చూపిస్తానన్నా ముట్టుకోకండి. ఇక్కడి మీ ఆయుధాన్ని తాళం వేసిన ఇంట్లో వదిలి వెళ్లొద్దు, బయల్దేరే ముందే డిపాజిట్ చేయండి.

## సెక్యూరిటీ ఉద్యోగం, సొంత ఏజెన్సీ

రిటైరయ్యాక సెక్యూరిటీ గార్డుగా ఎన్నేళ్లు చేయొచ్చు?

ఇది ముందే లెక్క వేసుకోవాలి. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల నియంత్రణ చట్టం, 2005 ప్రకారం గార్డుకి 18 ఏళ్లు నిండి ఉండాలి, 65 నిండకూడదు. ఆంధ్రప్రదేశ్‌లో ఇప్పుడు రిటైర్మెంటు 62కి, తెలంగాణలో 61కి. అంటే మనకి మిగిలేది మూడేళ్లో నాలుగేళ్లో. కూతురి పెళ్లి అప్పు ఈ జీతంతో తీర్చొచ్చని ఐదారేళ్ల లెక్క వేసుకున్నవాళ్లు నాకు తెలుసు. 65 దాటాక కూడా వయసు తగ్గించి చూపి పెట్టుకునే ఏజెన్సీలున్నాయి. అక్కడ ప్రమాదమేదైనా జరిగితే కుటుంబానికి కాగితం మీద ఏ ఆధారమూ ఉండదు.

మనకి ప్రాధాన్యం ఉందా? శిక్షణ మళ్లీ చేయాలా?

ప్రాధాన్యం ఉంది. సైన్యం, కేంద్ర బలగాలు, రాష్ట్ర పోలీసులు, హోంగార్డులు, వీళ్లందరికీ ఆ చట్టమే ఇచ్చింది. శిక్షణ తప్పదు గానీ తక్కువ. కొత్తవాళ్లకి 100 గంటల తరగతి, 60 గంటల ఫీల్డు శిక్షణ అయితే, మాజీ సైనికులకీ మాజీ పోలీసులకీ కేంద్ర నమూనా నిబంధనల్లో 40 గంటల తరగతి, 16 గంటల ఫీల్డు.

నా సొంత లైసెన్సు తుపాకీతో బ్యాంకు గార్డుగా చేరొచ్చా?

లైసెన్సు ఏ అవసరానికి ఇచ్చారో దానికే వాడాలి. ఆత్మరక్షణకని తీసుకుని ఉద్యోగానికి వాడితే ఇబ్బందిలో పడతారు. గార్డు ఉద్యోగం ఉద్దేశం ఉంటే దరఖాస్తులోనే ఆ మాట రాయండి. ఇప్పటికే లైసెన్సు ఉంటే, చేరకముందే లైసెన్సింగ్ అధికారి నుంచి రాతపూర్వక అనుమతి తెచ్చుకోండి.

నలుగురం కలిసి ఏజెన్సీ పెడదామనుకుంటున్నాం. ఫీజు ఎంత?

ఒక్క జిల్లాకి రూ. 5,000, రెండు నుంచి ఐదు జిల్లాలకి రూ. 10,000, రాష్ట్రమంతటికీ రూ. 25,000. లైసెన్సు ఐదేళ్లకి. యజమానికి గార్డుల్లాంటి వయోపరిమితి లేదు. కానీ దుష్ప్రవర్తన మీద సర్వీసు నుంచి తొలగించబడ్డవారికి లైసెన్సు ఇవ్వరు. లైసెన్సు లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లేదా రూ. 25,000 దాకా జరిమానా, లేదా రెండూ.

గార్డులకి ఖాకీ, పోలీసు బ్యాడ్జీల్లాంటి బ్యాడ్జీలు పెట్టించకండి. మన మీద మనకున్న అభిమానం కొద్దీ అదే రంగు ఎంచుకోవాలనిపిస్తుంది. పోలీసు యూనిఫాంలా కనబడే దుస్తులు వేయిస్తే గార్డుకీ యజమానికీ ఇద్దరికీ ఏడాది దాకా శిక్ష పడొచ్చు.

డిటెక్టివ్ ఏజెన్సీకి లైసెన్సు ఎవరిస్తారు?

దానికంటూ ప్రత్యేక చట్టం లేదు. 2007లో బిల్లు పెట్టారు గానీ చట్టం కాలేదు. లైసెన్సు అక్కర్లేదంటే అధికారం ఉందని కాదు. పాత పరిచయాలతో కాల్ డేటా తీయించడం నేరం. మీతోపాటు, మీ మాట కాదనలేక ఇచ్చిన కుర్రాడి ఉద్యోగమూ పోతుంది.

## వయసు మీద పడ్డాక, కుటుంబానికి

డెబ్బై దాటాను. తుపాకీ అబ్బాయి పేరు మీదికి మార్చొచ్చా?

మార్చొచ్చు. లైసెన్సుదారుకి 70 ఏళ్లు నిండినా, లేదా ఆ ఆయుధం 25 ఏళ్లు దగ్గరున్నా, ఏది ముందైతే అప్పుడు, చట్టబద్ధ వారసుల్లో ఒకర్ని సూచించవచ్చు. అబ్బాయికి అర్హత ఉండాలి, అతని మీదా ఎంక్వైరీ జరుగుతుంది. అతని పేరు మీద లైసెన్సు వచ్చేదాకా తుపాకీ అతని చేతికి ఇవ్వకండి.

మావారు పోయారు. ఆయన తుపాకీ ఇంట్లోనే ఉంది. నేనేం చేయాలి?

అమ్మా, ముందు భయపడకండి. అనవసర ఆలస్యం లేకుండా దాన్ని దగ్గరి పోలీస్ స్టేషన్లో గానీ లైసెన్సున్న డీలర్ దగ్గర గానీ డిపాజిట్ చేయాలి, అదొక్కటే తొందర పని. మీరు మోసుకెళ్లక్కర్లేదు. స్టేషన్‌కి ఫోన్ చేసి విషయం చెబితే వచ్చి తీసుకెళ్తారు. లేదా మాకు చెప్పండి, మా సంఘం నుంచి ఒకరు మీతో వస్తారు. లైసెన్సు పుస్తకం, మరణ ధ్రువపత్రం దగ్గరుంచుకోండి. రసీదు తప్పకుండా అడగండి. ఆ తర్వాత వారసుల్లో ఎవరైనా లైసెన్సుకి దరఖాస్తు పెట్టొచ్చు, వద్దనుకుంటే డీలర్ ద్వారా అమ్మేయొచ్చు. గడువు దాటేదాకా ఏదీ చేయకపోతే అది ప్రభుత్వపరమవుతుంది.

పోయినేడు ఒక హెడ్ కానిస్టేబుల్ గారింటికి ఇదే పని మీద వెళ్లాను. ఆయన పోయి ఏడాది దాటింది. అటక మీద ఆయన పాత ఖాకీ దుప్పట్లో చుట్టి, నవారుతో రెండు ముళ్లేసి పెట్టారావిడ. “ఆయనే చుట్టారు, విప్పడానికి చేతులు రాలేదు” అన్నారు. నేను నిచ్చెన ఎక్కి దింపి, ఆవిడ ఎదుటే ముళ్లు విప్పి, బ్యారెల్ ఖాళీగా ఉందని చూపించి, నంబరు కాగితం మీద రాసిచ్చాను. స్టేషన్లో రసీదు తీసుకునేసరికి మధ్యాహ్నమైంది. దుప్పటి మాత్రం మడతపెట్టి ఆవిడకే ఇచ్చేశాను.